ఖర్జూరాల కింద మాత్రలు

ఇర్బిద్‌లో నేను ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ ఆలివ్ కాయల కాలంలో, మందుల గురించి పాఠాలు వల్లెవేసే నాకే నా మందు దొరక్కుండా పోయింది. తప్పు ఊరిది కాదు. నాదీ, మా అమ్మదీ. చెరిసగం అని నేనంటాను. ముప్పాతిక నీదేనని అమ్మ అంటుంది.

పదహారో ఏట బడి వరండాలో కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను. అప్పటినుంచి పొద్దునా రాత్రీ ఒక్కో మాత్ర వేసుకుంటున్నాను. వేసుకున్నంతకాలం నాకేమీ లేదు. మానితే మళ్ళీ ఆ వరండాయే. ఈ సంగతి ఒమాన్‌లో, మా ఊరు బహ్లాలో ఉన్న అమ్మానాన్నలకీ, మస్కట్‌లో డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళి కావలసిన పిల్ల కదా అని అమ్మ భయం. అమ్మ భయం చిన్నప్పుడే నాకూ అంటుకుంది. మస్కట్ ఆసుపత్రిలో మూడు నెలలకు మించి మందు ఇవ్వరు. సెలవులకు వెళ్ళి తెచ్చుకున్నది నవంబరుకి అడుగంటింది. ఒక గురువారం సాయంత్రం సీసా బోర్లించి చూసుకుంటే పదిహేడు మాత్రలున్నాయి. అంటే ఎనిమిది రోజులు.

మేం ఉండే మేడ కిందే మందుల షాపు ఉంది. యజమాని వాయిల్, నెమ్మదస్తుడు. షాపులో గోడవార ఒక బెంచీ ఉంటుంది. బీపీ చూపించుకునే నెపంతో పేటలోని ముసలాళ్ళంతా దానిమీదే కాలక్షేపం చేస్తారు. ఆ వేళ చేతికి పట్టీ కట్టించుకుని కూర్చున్నది మా రెండో అంతస్తు అబూ రజాయీ, రిటైరైన జాగ్రఫీ మాస్టారు.

వాయిల్ నా చీటీని వెలుతురుకి పట్టి, రయ్యా అని నా పేరు చదివి, కిందికి చూశాడు.

"మూడు నెలల మందు. ముద్ర మస్కట్‌ది."

"అవునండి."

"ఈ మందు బయటి దేశం చీటీ మీద ఇవ్వకూడదమ్మా. ఇక్కడి డాక్టరు రాయాలి. పెద్ద పనేం కాదులే. పై వీధిలో నరాల డాక్టరున్నాడు, నేను ఫోన్ చేసి చెప్తా. ఇంతకీ ఎవరికి ఈ మందు?"

బెంచీ మీద నాలుగు తలలూ ఒక్కసారే ఇటు తిరిగాయి.

"క్లాసులో పాఠం కోసమండి," అన్నాను.

"పాఠానికి మూడు నెలల మందెందుకమ్మా?" అన్నారు మాస్టారు, పట్టీ కట్టిన చెయ్యి అలాగే పైకెత్తి.

చీటీ లాక్కుని బయటపడ్డాను. యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్దామంటే అక్కడ మందులిచ్చే కిటికీలో శిక్షణకి కూర్చునేది నా క్లాసు పిల్లలే. ఆ దారీ లేదు.

ఇక ఇల్లు. మొదటి అంతస్తులో ఉమ్మ్ ఖల్దూన్ అనే పెద్దావిడ ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. భర్త పోయాడు, కొడుకు ఖల్దూన్ అకబాలో ఓడరేవు ఉద్యోగం. మనిషి వెన్న. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి పొద్దున తెలిసింది మధ్యాహ్నానికి నాలుగో అంతస్తులో కూడా తెలుస్తుంది. నేను చేరిన మొదటిరోజే గది చూపిస్తూ, "నీ ముందున్న పిల్ల ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోయింది. వాళ్ళ వాళ్ళని పిలిపించి పంపేశా. రోగిష్ఠి పిల్లల్ని పెట్టుకునే ఓపిక నాకు లేదు తల్లీ," అంది. నేను మాత్రల సీసాని సాక్సులో దాచాను. ఆ సాక్సు పెట్టె అడుగున ఉండేది.

అమ్మకి ఫోన్ చేశాను. మా వీధిలో హిలాల్ గారబ్బాయి అజ్జాన్ ఇర్బిద్‌లోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అన్న పెళ్ళికి వచ్చి ఆదివారం తిరిగి వెళ్తున్నాడట. అతనిచేత పంపిస్తానంది. శనివారం రాత్రి పదకొండు నిమిషాల వాయిస్ సందేశం పంపింది. అమ్మ సందేశాలు నాకు కొత్త కాదు. మొదటి నిమిషం దైవస్మరణ, రెండో నిమిషం నా ఆరోగ్యం, మూడో నిమిషం నుంచి మేనత్త మేక. ఆ మేక ఈనిందాకా విని ఆపేశాను.

అజ్జాన్ యూనివర్సిటీ గేటు దగ్గర సంచీ ఇచ్చాడు. "ఎనిమిది కిలోలుంది. నా చొక్కాలు రెండు ఇంటిదగ్గర వదిలేసి వచ్చాను దీనికోసం," అన్నాడు. ఇంటికొచ్చి గదిలో కుమ్మరించాను. ఎండు నిమ్మకాయలు, ఎండు చేప, మూత మీద కోట బొమ్మ ఉన్న బంగారు రంగు ఖర్జూరాల డబ్బా. మూత చుట్టూ టేపు. మందు లేదు. నాకు తిక్కరేగింది. అమ్మకి ఎండు చేప గుర్తుందిగానీ మాత్రలు గుర్తులేవా అనుకున్నాను.

అప్పుడే ఉమ్మ్ ఖల్దూన్ తలుపు తోసుకుని వచ్చింది. హాల్లో నేలమీద ఆలివ్ కాయలు పోసుకుని రాయితో చిదుపుతోందేమో, చేతులు ఆకుపచ్చగా ఉన్నాయి.

"అబ్బ, ఎంత బాగుందే డబ్బా," అంది.

చూసినవాళ్ళు బాగుందన్నారంటే "మీదే అనుకోండి" అనాలి. అది మర్యాద. అవతలివాళ్ళు మూడుసార్లు వద్దనాలి. అదీ మర్యాదే.

"మీదే అనుకోండి పెద్దమ్మా."

"వద్దులే తల్లీ."

"లేదు, తీసుకోవాలి."

"వద్దమ్మా, మీ అమ్మ నీకని పంపింది."

"ఒట్టు, మీరు తీసుకోవాల్సిందే."

మూడోసారి వద్దంటుందని చూశాను. అనలేదు. డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేస్తే ఇంకో పెళ్ళివారింట్లో ఉంది. డప్పుల మోత.

"నా సందేశం విన్నావా?"

"విన్నాను," అన్నాను. మేకదాకా విన్నాను కాబట్టి పూర్తి అబద్ధమేం కాదు.

"మరింకేం? చెప్పినట్టు చెయ్యి," అని పెట్టేసింది. వెనకాల ఇంకెవరో వస్తున్నారు కాబోలు, వాళ్ళచేత పంపుతుంది కాబోలు అనుకున్నాను. అలా అనుకుంటూ నాలుగు రోజులు మాత్రలు మింగాను. శుక్రవారం పొద్దున మింగాక సీసాలో రెండే మిగిలాయి. అప్పుడు భయం వేసింది. బడి వరండా చల్లటి గచ్చు వీపుకి తగిలినట్టే అనిపించింది. ఎవరు తెస్తున్నారో పేరైనా దొరుకుతుందని ఆ సందేశం మొదటినుంచీ పెట్టాను.

తొమ్మిదో నిమిషంలో అమ్మ గొంతు తగ్గించింది. "ఖర్జూరాల డబ్బాలో పై వరస తీసి చూడు. కింద ప్లాస్టిక్ సంచీలో పెట్టాను. అజ్జాన్‌కి తెలియకుండా మళ్ళీ టేపు వేశాను. ఎవరిముందూ తెరవకు తల్లీ. ఎవరికీ ఇవ్వకు."

పదో నిమిషంలో మళ్ళీ మేక.

హాల్లోకి పరిగెత్తాను. "పెద్దమ్మా, ఆ ఖర్జూరాలు..."

"అమృతంలా ఉన్నాయమ్మా. తింటూనే ఉన్నా," అంది ఉమ్మ్ ఖల్దూన్ తల ఎత్తకుండా.

"డబ్బా ఒక్కసారి ఇస్తారా? అందులో నాదొకటి ఉండిపోయింది."

ఆవిడ చేతిలో రాయి ఆగింది. తినడం మాట దేవుడెరుగు, డబ్బా ఇంట్లోనే లేదు. నాలుగో అంతస్తులో ఉమ్మ్ గాలిబ్‌కి పిత్తాశయం ఆపరేషన్ అయింది. చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్ళలేక, సోమవారమే ఇచ్చేసి వచ్చింది.

"ఉండిపోయిందా? ఏమిటది?"

"చెప్పలేను పెద్దమ్మా."

చెప్పలేను అన్న మాట ఆవిడ దగ్గర అనకూడదు. కళ్ళు దీపాల్లా వెలిగాయి.

"ఉత్తరమా?"

నేను దొర్లిపోయిన కాయ ఒకటి తీసి కుప్పలో వేశాను.

"ఆ సంచీ తెచ్చిన కుర్రాడేనా? పొడుగ్గా ఉంటాడన్నావు చూడూ?"

మాత్రలని చెప్పడంకన్నా ప్రేమలేఖ అనుకోనివ్వడమే నయమనిపించింది. ఎంత చేతగానిదాన్నో దాన్నిబట్టే తెలుస్తుంది. తల వంచుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, తలగుడ్డ సవరించుకుని, "పద. ఆడపిల్ల పరువు మెట్లమీద దొర్లకూడదు," అంది. మేడకి లిఫ్టు లేదు. ఆవిడకి మోకాళ్ళు లేవు. ప్రతి మలుపులోనూ ఆగి, రొప్పుతూ, "పేరేమిటన్నావు?" "తండ్రి ఏం చేస్తాడు?" అని అడుగుతూ మూడంతస్తులెక్కింది.

ఉమ్మ్ గాలిబ్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. డబ్బా మాట ఎత్తగానే, "అయ్యో, భద్రంగా దాచా," అని కోడల్ని పిలిచి కాఫీ పెట్టమంది. కాఫీ తాగాం. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ తాగాం. డబ్బా రాలేదు. ఆవిడ దొంగకు తేలు కుట్టినట్టు దుప్పటి అంచు సర్దుకుంటూ కూర్చుంది.

"దాచినచోటు గుర్తులేదా ఏమిటి?" అంది ఉమ్మ్ ఖల్దూన్.

"నాకు షుగరు కదా. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. ఆసుపత్రికి మాస్టారు కార్లో దించాడు, ఆయనకి కృతజ్ఞతగా..."

"నేనిచ్చింది తీసుకెళ్ళి ఇంకొకరికిస్తావా?"

"నువ్విచ్చింది మాత్రం నీదా? దానిమీద ఒమాన్ కోట ఉంది. నువ్వెప్పుడు వెళ్ళావే ఒమాన్?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను కాఫీ కప్పులోకి చూశాను.

రెండో అంతస్తులో అబూ రజాయీ మాస్టారు తలుపు తీసి మమ్మల్ని చూసి సంతోషపడ్డారు. "ఆ డబ్బాయా? బహ్లా కోట. చాలామంది నిజ్వా కోట అని పొరబడతారు. నేను పొరబడలేదు." అంతవరకు బాగానే ఉంది. "ఇంట్లో ఉంచుకుని ఏం చేస్తాం చెప్పండి, నాకు పళ్ళు లేవు. నిన్న సాయంత్రమే వాయిల్‌కి ఇచ్చాను. పాపం, రెండేళ్ళుగా బీపీ చూస్తున్నాడు, ఏనాడూ పైసా పుచ్చుకోలేదు."

నేను ఆ గడపమీదే కూర్చున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఏ షాపులో అడగడానికి సిగ్గుపడి పారిపోయి వచ్చానో, నా మందు నాలుగంతస్తులు ఎక్కి దిగి అదే షాపులో కూర్చుంది.

శుక్రవారం షాపు మధ్యాహ్నం నమాజు అయ్యాక, నాలుగింటికి గానీ తెరవరు. అందాకా హాల్లో కూర్చుని ఉమ్మ్ ఖల్దూన్‌తోపాటు కాయలు చిదిపాను. ఆవిడ ఏమీ అడగలేదు. అప్పుడప్పుడు నావైపు చూసి, తనలో తను నవ్వుకుని, నిట్టూర్చింది. ఆవిడ మనసులో నా పెళ్ళి సగం అయిపోయింది. మోకాళ్ళకి తడిగుడ్డ చుట్టుకుంది. దాన్ని చూస్తుంటే నాకు సిగ్గేసింది. లేని ఉత్తరం కోసం ఈ మనిషి మూడంతస్తులెక్కింది.

నాలుగింటికి ముగ్గురం దిగాం. ప్రేమలేఖ సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది, మాస్టారు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు.

వాయిల్ బల్లమీద డబ్బా తెరిచే ఉంది. రెండు వరసలు అయిపోయాయి. బెంచీమీద ముసలాళ్ళు కాఫీతో ఖర్జూరాలు నములుతున్నారు. ఒకాయన గింజల్ని జేబులో వేసుకుంటున్నాడు, పెరట్లో నాటతాడట.

వాయిల్ నన్ను చూశాడు. నా వెనక ఉన్నవాళ్ళని చూశాడు. ఏమీ అడగకుండా బల్ల కిందనుంచి తెల్ల కాగితం సంచీ ఒకటి తీసి ముందు పెట్టాడు. మూతి మడిచి పిన్ను కొట్టి ఉంది.

"మీ అమ్మగారు పంపిన విటమిన్లు, రయ్యా. ఖర్జూరాల్లో కలిసిపోయాయి. తీసి జాగ్రత్త చేశా," అన్నాడు.

అంతా తెలిసి అన్నాడని నాకు తెలుసు. ఒక వారం కిందట నేను అతికేలా చెప్పలేకపోయిన అబద్ధాన్ని, పిన్ను కొట్టి మరీ చేతికిచ్చాడు. పుచ్చుకుంటే అయిపోయేది.

"విటమిన్లా?" అంది ఉమ్మ్ ఖల్దూన్. ఇంత దిగాలు గొంతు ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు. "వాటికోసమా నా మోకాళ్ళు అరగదీశావు?"

ఆవిడ ఒక చెయ్యి బల్లకి ఆనించి, ఒక కాలు తేలిగ్గా పెట్టి నిలబడింది.

"విటమిన్లు కావు పెద్దమ్మా," అన్నాను. "మూర్ఛ మాత్రలు. నాకే. పదహారో ఏట నుంచి వేసుకుంటున్నా. ఇంక రెండే ఉన్నాయి."

నమలడాలు ఆగాయి.

మొదట మాట్లాడింది గింజల ఆయన. "మా బావమరిదికీ ఉంది. ట్రాక్టర్ తోలుతాడు."

"తోలకూడదు," అన్నాడు వాయిల్.

"నువ్వే చెప్పు వాడికి. నా మాట వింటాడా?"

"మా చెల్లెలి కూతురికి కూడా," అన్నాడు ఇంకొకాయన. "ముగ్గురు పిల్లలు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. నోరు మాత్రం మంచిది కాదు."

"అది మందువల్ల వచ్చింది కాదులే, మీ ఇంటి నోరే," అన్నారు మాస్టారు. దాంతో ఎవరికేముందో లెక్కతేల్చుకునే పోటీ మొదలైంది. మూత్రపిండాల్లో రాళ్ళనుంచి మొలలదాకా వెళ్ళింది. నన్నందరూ మర్చిపోయారు. నేనిన్నేళ్ళు పెట్టె అడుగున దాచిన మాట, బెంచీమీద పది నిమిషాల కబురుకి కూడా చాల్లేదు. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

వాయిల్ ఈలోపు ఫోన్ చేసేశాడు. "రేపు పదకొండింటికి. మస్కట్ చీటీ, ఈ మాత్రల అట్ట, రెండూ పట్టుకెళ్ళు. ఆయన రాసిస్తే నెలనెలా నేనే తెప్పిస్తా. మొన్న నువ్వు ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఉంటే అప్పుడే అయిపోయేది ఈ పని."

ఉమ్మ్ ఖల్దూన్ మాత్రం నోరు విప్పలేదు. మెట్లెక్కుతున్నంతసేపూ మాట్లాడలేదు. రాత్రి భోజనం వడ్డించి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ నోరు మూసుకోవడం ఆ మేడలో ఎవరూ చూసి ఎరగరు. నేను పెట్టె దించి బట్టలు సర్దుకున్నాను. నా ముందున్న పిల్ల కథ నాకు తెలుసుగా.

మర్నాడు డాక్టరు పావుగంటలో రాసిచ్చాడు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి లోపల ఏదో కీచుమంటోంది. ఉమ్మ్ ఖల్దూన్ స్నానాలగది తలుపు ముందు ముక్కాలిపీట వేసుకుని, కళ్ళజోడు ముక్కుకొసకి దింపి, కూరగాయల కత్తి మొనతో గడియ మరమేకులు విప్పుతోంది. నా గది తలుపు గడియ అప్పటికే నేలమీద పడి ఉంది.

"ఏం చేస్తున్నారు పెద్దమ్మా?"

"కనిపించడంలా? పొద్దున వాయిల్‌ని అడిగా. తలుపులు లోపల వేసుకోకూడదన్నాడు. పడితే పక్కకి తిప్పాలట, నోట్లో ఏమీ పెట్టకూడదట, గడియారం చూడాలట. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు. కాయితం మీద రాయించుకున్నా." రొమ్ములో దోపుకున్న కాగితం తీసి చూపించి మళ్ళీ దోపుకుంది. "ఆ పెట్టెలో బట్టలెందుకు సర్దావు?"

"మీరు... మీకు ఓపిక లేదన్నారుగా. ముందున్న పిల్లని..."

"ఆ పిల్ల ఏముందో చెప్పలేదు. పడిపోయినప్పుడు ఏం చెయ్యాలో తెలీక గంటసేపు వణికిపోయా నేను. చెప్తే నేర్చుకునేదాన్ని. నేర్చుకోలేనంత మొద్దునా?" కత్తి నాకిచ్చింది. "ఆఖరి మేకు బిగిసిపోయింది. వయసు పిల్లవి, తిప్పు."

తిప్పాను. కళ్ళనిండా నీళ్ళు, మేకు కనిపించలేదు.

"ఏడవకు. ఉత్తరం లేదని నేను ఏడవాలి," అంది.

అప్పటినుంచి మా ఇంట్లో స్నానానికి వెళ్ళినవాళ్ళు పాడుతూ ఉండాలని నియమం. పాట ఆగితే తలుపు తోస్తారు. ఉమ్మ్ ఖల్దూన్ పెళ్ళిపాటలు పాడేది, శ్రుతి లేకుండా, మధ్యలో అజ్జాన్ పేరు ఇరికించి. ఖల్దూన్ అకబానుంచి వచ్చినప్పుడు, నాకేం జబ్బు లేదు కదా, నేనెందుకు పాడాలని గొడవపెట్టాడు. అందరికీ ఒకటే రూలు అంది తల్లి. పాపం, అతనికి జాతీయగీతం ఒక్కటే వచ్చు.

డబ్బాని వాయిల్ కడిగి మాస్టారికిచ్చాడు. మాస్టారు ఉమ్మ్ గాలిబ్‌కిచ్చారు. ఖాళీ డబ్బా తిప్పి పంపడం మర్యాద కాదు కాబట్టి ఆవిడ వాళ్ళ ఊరి ఎండు అంజీరాలు నింపి ఉమ్మ్ ఖల్దూన్‌కిచ్చింది. ఈసారి ఆవిడ ఎవరికీ ఇవ్వకుండా మా అమ్మకి పంపమంది. సెమిస్టరు సెలవులకి అజ్జాన్ వెళ్తుంటే ఇచ్చాను. ఇస్తూ, పోయినసారి ఈ డబ్బాలో అతను మోసింది ఏమిటో కూడా చెప్పాను. ఇప్పుడెన్ని కిలోలుందని మాత్రం అడిగాడు.

రెండ్రోజులకి అమ్మ ఫోన్ చేసింది. పలకరింపులు లేవు. మేక లేదు.

"డబ్బా తెరిచానే. పై వరస తీసి చూశాను. రెండో వరసా తీశాను. నువ్వూ ఏమైనా దాచి పంపావేమోనని. కింద కూడా అంజీరాలే ఉన్నాయి."

"అంతేనమ్మా," అన్నాను. "అడుగుదాకా అంజీరాలే."

అవతల అమ్మ డబ్బాకి మూత పెట్టిన చప్పుడు వినిపించింది. ఇవతల స్నానాలగదిలో ఉమ్మ్ ఖల్దూన్ గొంతెత్తి పాడుతోంది.